పాట ఉధృతిని ఒక్క అంకెలో చెప్పవచ్చునా?

ప్రశ్న: మాది కాజీపేట. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మేం ఐదుగురం స్నేహితులం కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నాం. మేమే రాసి బాణీ కట్టుకున్న ఒక పాటను వచ్చే నెల కళాశాల వార్షికోత్సవంలో పాడబోతున్నాం. ఐదున్నర నిమిషాల పాట అది. మొదట నా గొంతు, ఒక మామూలు గిటార్, వాటి వెనుక ఒగ్గు డోలు నెమ్మదిగా సాగుతాయి. 1 నిమిషం 40 సెకన్ల దగ్గర ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ ఒక్కసారిగా అందుకుంటాయి. నాలుగో నిమిషం చివర పాట మళ్లీ తగ్గుతుంది, ఆఖర్లో నేను గట్టిగా ఒక కేక పెడతాను. మా తమ్ముడికి 15 ఏళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. కుక్కర్ విజిల్‌కు, మిక్సీకి చెవులు మూసుకుని మేడ మీదికి పరుగెత్తుతాడు. వినాయక నిమజ్జనం నాడు డప్పుల పక్కన మాత్రం ఎంతసేపైనా నిలబడతాడు. బతుకమ్మ ఆటలో మా మధ్యే కూర్చుంటాడు, కానీ డీజే బండి వస్తే ఏడుస్తాడు. నేను ఇంట్లో పాడుకుంటుంటే గుమ్మం దగ్గర కూర్చుని వింటాడు. మా పాట వాడికి వినిపించాలనీ, వీలైతే ఆ రోజు తీసుకెళ్లాలనీ నాకు ఉంది. పాట తీవ్రతకు పదికి ఎన్ని మార్కులు వేస్తారని స్నేహితులను అడిగితే ఒకరు 3 అన్నారు, ఇంకొకరు 9 అన్నారు. అమ్మేమో ఆ రోజు వాణ్ని ఇంట్లోనే ఉంచుదామంటోంది. పాట వాడికి ఎంత ఉధృతంగా ఉంటుందో ఎలా అంచనా వేయాలి? పాటను మార్చాలా?

సమాధానం:

మీ స్నేహితులిద్దరూ తమకు తోచిన నిజమే చెప్పారు. 3 వేసినవారు పాట మొత్తాన్ని మనసులో సగటు కట్టి ఉంటారు, 9 వేసినవారికి గిటార్లు విరుచుకుపడిన క్షణమో చివరి కేకో గుర్తుండిపోయి ఉంటుంది. మీ తమ్ముడి విషయంలో ఈ రెండు అంకెలూ ఉపయోగపడవు. ఈత రానివాణ్ని చెరువులోకి దించేటప్పుడు సగటున మోకాలి లోతే ఉందని చెప్పి లాభం లేదు, గుంత ఎక్కడుందో, గట్టు ఎంత దూరంలో ఉందో చెప్పాలి. అందుచేత మార్కుల సంగతి పక్కన పెట్టి, పాటలో ఏ నిమిషానికి ఏం జరుగుతుంది, అందులో అతనికి ఏది కష్టం, ఏది ఇష్టం, కష్టమైన చోటు రాబోతోందని అతనికి ముందుగా తెలుస్తుందా, వచ్చాక తప్పుకునే వీలుందా అని ఆలోచించడం మొదలుపెట్టండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన భాగం తమ్ముడి గురించి రాసిన ఆ నాలుగైదు వాక్యాలే. డప్పుల మేళం మిక్సీ కన్నా గట్టిగా మోగుతుంది. అయినా అతడు మిక్సీకి పారిపోయి డప్పుల పక్కన నిలబడుతున్నాడంటే, శబ్దం పరిమాణం ఒక్కటే అతని బాధకు కారణం కాదని తేలిపోతోంది. డప్పు కొట్టేవాడి చేయి పైకి లేవడం కంటికి కనిపిస్తుంది కాబట్టి దెబ్బ ఎప్పుడు పడుతుందో చెవి కన్నా ముందే కన్ను పసిగడుతుంది. దరువు తిరిగి తిరిగి అదే వస్తుంది. పైగా అది ఆరుబయట జరిగేది, నచ్చకపోతే నాలుగడుగులు వెనక్కి వేయవచ్చు. బతుకమ్మ పాటలోనూ ఒకరు చరణం అందిస్తే మిగిలినవారు అందుకోవడం, చప్పట్ల వరుస మారకపోవడం ఉన్నాయి. మిక్సీకి ఇవేవీ లేవు. చెప్పకుండా మొదలవుతుంది, మోటారు కీచు మోత ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది, టైల్స్ పరిచిన చిన్న వంటగదిలో ఆ శబ్దం గోడలకు కొట్టుకుని మరింత పదునెక్కుతుంది. కుక్కర్ విజిల్ సంగతి ఇంకొంచెం వేరు. అది వస్తుందని అతనికి తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ ఎదురుచూపే శబ్దం కన్నా ఎక్కువగా వేధిస్తుందని ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో తరచుగా చెబుతారు. డీజే బండి దగ్గర ఛాతీని అదిరించే బేస్, సైరన్ మోతలు, మెరిసి ఆరే లైట్లు, ఎటూ కదలనివ్వని జనం అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, వాటిలో ఏది ఏడిపించిందో చెప్పడం కష్టం.

ఇదంతా మీ మాటలను బట్టి నేను చేసిన ఊహ. దాన్ని సరిచూడవలసింది మీరూ మీ అమ్మగారూ. ఒక వారం పాటు ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అతణ్ని ఇబ్బంది పెట్టిన ప్రతి శబ్దాన్నీ, అతడు కోరి దగ్గరికి వెళ్లిన ప్రతి శబ్దాన్నీ రాయండి. అది ఎక్కడ వినిపించింది, ముందుగా తెలిసిందా, అప్పటికి నిద్ర సరిపోయిందా, ఆకలితో ఉన్నాడా, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది అన్నవి కూడా ఉండాలి. చివరి అంశాన్ని చాలామంది రాయరు. రెండు నిమిషాల్లో మామూలైపోయిన శబ్దానికీ, ఆ పూట అన్నం తిననివ్వని శబ్దానికీ మధ్య తేడా మీకు పాట విషయంలో బాగా అవసరమవుతుంది.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం ఐదవ కూర్పు, ఇంద్రియ స్పందనల్లో తేడాను ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది. అందులో అతిగా స్పందించడంతో పాటు తక్కువగా స్పందించడం, కొన్ని స్పర్శలనూ శబ్దాలనూ కోరి వెతుక్కోవడం కూడా ఉన్నాయి. ఒకే మనిషిలో ఇవన్నీ కలిసి ఉండవచ్చు. మీ తమ్ముడు డప్పుల పక్కన నిలబడేది ఓర్చుకుంటూ కాకపోవచ్చు, ఆ అదురు అతనికి కావలసినదే కావచ్చు. కనుక మెత్తని పాట మంచిది, గట్టి పాట చెడ్డది అని ముందే తీర్మానించుకుంటే అతనికి నిజంగా నచ్చే భాగాన్ని మీరే తీసేసే ప్రమాదం ఉంది.

ఇక పాట దగ్గరకు వద్దాం. మీ రికార్డింగ్‌ను కంప్యూటర్‌లో ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ధ్వని తరంగం బొమ్మగా కనిపిస్తుంది. 1 నిమిషం 40 సెకన్ల దాకా సన్నని గీతలా సాగి అక్కడ ఒక్కసారిగా గోడలా లేచి ఉంటుందని నా అంచనా. ఈ గోడే మీ పాటలో మొదటి గుంత. శబ్దం గట్టితనాన్ని కొలిచే డెసిబెల్ లెక్క మామూలు కూడికల వంటిది కాదు. 10 డెసిబెళ్లు పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు అవుతుంది, చెవికి దాదాపు రెండింతలు గట్టిగా తోస్తుంది. నెమ్మదైన చరణం నుంచి పల్లవికి దూకేటప్పుడు ఆ మాత్రం తేడా రాక్ పాటల్లో సాధారణమే. చెవి లోపల స్టేపీడియస్ అనే అతి చిన్న కండరం ఉంది. పెద్ద శబ్దం రాగానే అది బిగుసుకుని లోపలికి వెళ్లే ధ్వనిని కొంత తగ్గిస్తుంది. అయితే అది బిగుసుకోవడానికి సెకనులో కొన్ని వందో వంతుల నుంచి పదో వంతు దాకా పడుతుంది, డ్రమ్స్‌లో టప్పుమని మోగే స్నేర్ డ్రమ్ దెబ్బ మాత్రం అంతకన్నా చాలా ముందే శిఖరానికి చేరుతుంది. అంటే మొదటి దెబ్బ అందరి చెవుల్లోకీ ఏ కాపలా లేకుండానే వెళ్తుంది. మనలో చాలామందికి రెండో దెబ్బ, మూడో దెబ్బ వచ్చేసరికి మెదడు అలవాటు పడి ఉలికిపాటు తగ్గిపోతుంది. ఆటిజం ఉన్న కొందరిలో ఈ అలవాటు పడడం నెమ్మదిగా జరుగుతుంది, పదో దెబ్బ కూడా మొదటి దెబ్బలాగే తగులుతుంది. అందువల్ల పాట మొత్తం ఎంత గట్టిగా ఉంది అన్న దానికన్నా, ఏ రెండు క్షణాల మధ్య ఎంత ఎగబాకింది, ఎంత తొందరగా ఎగబాకింది అన్నదాన్ని ముందుగా గుర్తించండి. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన అంశం ఇదే.

దీని తర్వాతిది శబ్దపు గరుకుదనం. ఎలక్ట్రిక్ గిటార్‌కు డిస్టార్షన్ పెట్టినప్పుడు తరంగం తలలు కోసినట్టు చదునవుతాయి, అసలు స్వరానికి పైన కొత్త స్వరాలు అనేకం పుట్టి ఎక్కువ పౌనఃపున్యాల వరకు పరుచుకుంటాయి. డ్రమ్స్‌తో పాటు ఉండే లోహపు పళ్లేలు, సింబల్స్, వాటి మోత కూడా అలా పరుచుకునేదే. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య అన్నిటికన్నా చురుకుగా ఉంటుంది, ఈ రెండింటి పదునులో చాలా భాగం అక్కడ పడుతుంది. మిక్సీకి పారిపోయే మీ తమ్ముడి విషయంలో ఈ భాగాన్ని నేను ప్రత్యేకంగా చూస్తాను. గిటార్ల కన్నా సింబల్స్ మీద ఎక్కువ అనుమానం నాది, ఎందుకంటే గిటార్ ఒక స్వరాన్ని పట్టుకుని ఉంటుంది, వరుసగా మోగే సింబల్స్‌కు పట్టుకోవడానికి స్వరం ఉండదు.

మీ చివరి కేక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మామూలు పాటలో గొంతు నునుపుగా సాగుతుంది. కేకలో ధ్వని సెకనుకు సుమారు 30 నుంచి 150 సార్లు హెచ్చుతగ్గులవుతూ గరుకుగా వినిపిస్తుంది. పసిపిల్లల ఏడుపులోనూ, కొన్ని అలారం మోతల్లోనూ ఇదే గుణం ఉంటుంది, వెంటనే అపాయాన్ని గుర్తు చేస్తుంది. రాక్ సంగీతానికి అలవాటు పడిన శ్రోత అది కళ అని తెలుసుకుని ఆనందిస్తాడు. మీ తమ్ముడికి మాత్రం అది గుమ్మం దగ్గర కూర్చుని రోజూ వినే అక్క గొంతు. అక్కకు ఏదో అయిందని, ఎవరో కొడుతున్నారని అతడు అనుకునే అవకాశం ఉంది. ఏ యంత్రంతో కొలిచినా ఈ తీవ్రత తెలియదు. కాబట్టి రికార్డింగ్ వినిపించకముందే, ఇంట్లో అతని ఎదుట కూర్చుని, నవ్వు ముఖంతో, చిన్న గొంతుతో ఆ కేకను చేసి చూపండి. మరుసటి రోజు ఇంకొంచెం గట్టిగా చేయండి. చేయి పైకెత్తి, కేక పెట్టి, చేయి దించి నవ్వడం ఒక ఆటలా స్థిరపడితే, వేదిక మీద అదే చేయి లేచినప్పుడు అతనికి డప్పు కొట్టేవాడి చేతిలా అది ముందే కనబడుతుంది.

మిగిలిన అంశాలను త్వరగా చెబుతాను. పాట వేగం చాలామంది అనుకున్నంత ముఖ్యం కాదు, స్థిరంగా ఉన్న వేగమైన లయ తరచుగా ఊరటనిస్తుంది, మాటిమాటికీ మారే నెమ్మది లయే గందరగోళపెడుతుంది. ఒకేసారి ఎన్ని వాయిద్యాలు, ఎన్ని గొంతులు పలుకుతున్నాయో లెక్కపెట్టండి, మెదడు విడదీసి వినవలసినవి పెరిగేకొద్దీ అలసట పెరుగుతుంది. నాలుగో నిమిషం చివర తగ్గే భాగం ఎంతసేపు ఉందో చూడండి. అది నాలుగైదు సెకన్లే అయితే విశ్రాంతిగా పనిచేయదు, మళ్లీ ఎప్పుడు విరుచుకుపడుతుందోనన్న కుక్కర్ ఎదురుచూపుగా మారుతుంది. అరనిమిషం పైగా ఉంటే నిజంగా ఊపిరి తీసుకునే చోటవుతుంది.

ఈ పరిశీలన పూర్తయ్యాక వినిపించే పద్ధతి గురించి. అతడు రోజూ ఉండే గదిలో, బడి నుంచి వచ్చి అలసిపోయిన వేళ కాకుండా, కడుపు నిండి తీరికగా ఉన్న పూట మొదలుపెట్టండి. మొదటిసారి హెడ్‌ఫోన్స్ వద్దు, చెవి మీద బిగించినదాన్ని తొలగించుకోవడం తెలియకపోతే అది బంధించినట్టవుతుంది. చిన్న స్పీకర్ పెట్టి, వాల్యూమ్ తిప్పే అధికారం పూర్తిగా అతనికే ఇవ్వండి. నా అనుభవంలో తీవ్రతను తగ్గించే సాధనాల్లో దీనికి సాటి వచ్చేది లేదు. ఎప్పుడైనా ఆపగలనని తెలిసిన శబ్దం, ఆపలేని అదే శబ్దం కన్నా తక్కువ బాధ పెడుతుంది. మొదట మీ గొంతు, డోలు ఉన్న భాగాన్ని మాత్రమే వినిపించండి. తర్వాతి రోజు గిటార్లు మొదలయ్యే చోటును చెప్పి, వేళ్లతో నాలుగు లెక్కపెట్టి వినిపించండి. అతడు ఆపితే ఆ పూటకు ఆపేయండి, ఇంకొక్కసారి అని బతిమాలవద్దు. అలవాటు చేయాలనే పేరుతో బలవంతంగా వినిపించడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. భయంతో విన్న శబ్దం తర్వాత మరింత భయంగా గుర్తుండిపోతుంది.

అతని ముఖం, ఒళ్లు ఏం చెబుతున్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఒక జాగ్రత్త చెబుతాను. ఊగడం, చేతులు ఆడించడం, గంతులు వేయడం చూసి చుట్టుపక్కలవారు బాధ అనుకుంటారు, అది చాలాసార్లు సంతోషమే. దానికి బదులుగా ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, ఊపిరి వేగం మారడం, చెవుల మీదికి చేతులు సగం దాకా వెళ్లి ఆగిపోవడం, మీ వైపు చూడడం మానేయడం, తర్వాత చాలాసేపు మాట్లాడకపోవడం గమనించండి. నిశ్శబ్దంగా కూర్చున్నాడు కాబట్టి బాగానే విన్నాడని అనుకోవద్దు. మళ్లీ, ఆపు, చిన్నగా, చాలు అన్న నాలుగు బొమ్మల కార్డులు చేసి అతని చేతికి అందేలా పెడితే, మాటలు తక్కువైనా అతని అభిప్రాయం నేరుగా మీకు తెలుస్తుంది. ఆ అభిప్రాయం మీ స్నేహితుల మార్కులన్నిటినీ మించినది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం మరచిపోకూడదు. శబ్దం స్థాయి తగ్గించినప్పుడు లోతైన స్వరాలు మిగతావాటి కన్నా ఎక్కువగా మాయమవుతాయని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. దానికి తోడు ఫోన్ స్పీకర్ కాలితో మోగించే పెద్ద కిక్ డ్రమ్ లోతును దాదాపు పలికించలేదు. కనుక ఇంట్లో చిన్న ధ్వనిలో పాట నచ్చిందంటే బేస్ కూడా నచ్చిందని అర్థం కాదు, బేస్ అతడింకా వినలేదు. డీజే బండికి ఏడ్చిన పిల్లవాడి విషయంలో ఈ తేడా చాలా పెద్దది. బ్యాండ్ సాధన గదికి తీసుకెళ్లి, బేస్ గిటార్, కిక్ డ్రమ్ మాత్రమే వాయిస్తుండగా గది బయట నిలబెట్టి, ఇష్టమైతే లోపలికి రానివ్వండి.

పాటను మార్చాలా అని అడిగారు. అసలు పాటను చప్పగా చేయవద్దనే నా సలహా. 1 నిమిషం 40 సెకన్ల దగ్గర ఆ విస్ఫోటం కోసమే ముందున్న నెమ్మదిని మీరు కట్టుకున్నారు, అది తీసేస్తే ఆ పాట మీది కాకుండా పోతుంది. అయితే రెండు పనులు పాటను చెడగొట్టకుండానే చేయవచ్చు. మొదటిది, గిటార్లు అందుకునే ముందు డ్రమ్మర్ కర్రలు రెండూ తాటించి నాలుగు లెక్క ఇవ్వడం. వేదిక మీద అది ఎలాగూ జరిగే పనే, దాన్ని రికార్డింగ్‌లో కూడా ఉంచితే అతనికి ప్రతిసారీ ఒకే సంకేతం అందుతుంది. లేదా ఆ చోట డోలు ఒక ఆవర్తం పాటు క్రమంగా ఉధృతమై గిటార్లకు అప్పగించవచ్చు. మీ ప్రాంతంలో పెరిగిన చెవికి ఒగ్గు డోలు అలా పెరగడం సహజంగానే తోస్తుంది, పాటకూ అది అందమే అని నాకనిపిస్తోంది. రెండోది, తమ్ముడి కోసం వేరే మిక్సింగ్ చేసి పెట్టడం. వాయిద్యాలన్నీ విడివిడి ట్రాకులుగా మీ దగ్గర ఉంటాయి కాబట్టి సింబల్స్ తగ్గించి, గిటార్లలో 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కొన్ని డెసిబెళ్లు కోసి, చరణానికీ పల్లవికీ మధ్య తేడాను సగానికి తేవడం ఒక సాయంత్రం పని. పాటను యాప్‌లలో పెడితే అవే ధ్వనిని సమం చేస్తాయి కదా అని కొందరంటారు. ఆ యాప్‌లు ఒక పాటకూ మరో పాటకూ మధ్య స్థాయిని సరిచేస్తాయి, ఒకే పాట లోపలి దూకుళ్లను అలాగే ఉంచుతాయి.

మీ తమ్ముడిలాంటి శ్రోతలు మీకు తెలియనివారు ఎందరో ఉంటారు, వారి కోసం పాటతో పాటు ఒక చిన్న వివరణ పెట్టండి. "ఈ పాట తీవ్రమైనది, జాగ్రత్త" అన్న మాట భయపెడుతుందే తప్ప దారి చూపదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "పాట నిడివి 5 నిమిషాల 30 సెకన్లు. మొదట ఒక గొంతు, గిటార్, డోలు నెమ్మదిగా సాగుతాయి. 1 నిమిషం 40 సెకన్ల దగ్గర నాలుగు కర్ర దెబ్బల తర్వాత డ్రమ్స్, డిస్టార్షన్ గిటార్లు, సింబల్స్ ఒక్కసారిగా మొదలవుతాయి. నాలుగో నిమిషం చివర పాట బాగా తగ్గి కొంతసేపు అలాగే ఉంటుంది. ముగింపుకు ముందు గాయని గట్టిగా కేక పెడుతుంది, అది పాటలో భాగమే. సింబల్స్ తగ్గించిన మరో రూపం కూడా ఉంది." ఇందులో మార్కులు లేవు, ఎవరికి వారు తమ శబ్దాల జాబితాతో పోల్చుకుని నిర్ణయించుకోవడానికి కావలసినవి ఉన్నాయి.

కార్యక్రమానికి తీసుకెళ్లే విషయంలో మీ అమ్మగారి భయానికి కారణం ఉంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. డీజే బండి రోజు అతణ్ని పట్టుకుని ఓదార్చింది ఆమే అయి ఉంటుంది. వేదిక దగ్గర శబ్దం ఇంటి స్పీకర్‌తో పోల్చదగినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఇలాంటి వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెళ్లు మించకూడదు. అది అందరి వినికిడినీ కాపాడడానికి పెట్టిన గరిష్ఠ పరిమితి, సున్నితమైన శ్రోతకు హాయిగా ఉండే స్థాయి కాదు. కర్మాగారాల్లో పనిచేసేవారి విషయంలో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 85 డెసిబెళ్లకు రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ అందులో సగం సమయం అని లెక్క కట్టింది. ఆ లెక్కన 100 డెసిబెళ్లకు వచ్చేది 15 నిమిషాలే. ఫోన్‌లోని సౌండ్ మీటర్ యాప్ కొన్ని డెసిబెళ్లు అటూ ఇటూ చూపవచ్చు గానీ, ఏ మూల ఎక్కువ, ఏ మూల తక్కువ అని పోల్చడానికి సరిపోతుంది. ఆరుబయట వేదికైతే స్పీకర్ నుంచి దూరం రెట్టింపు చేసిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతాయి, నాలుగు గోడల ఆడిటోరియంలో అంత తగ్గవు. కాబట్టి ఆరుబయటైతే వెనుక వరుస చివర, బయటికి దారి ఉన్న పక్కన చోటు ఎంచుకోండి.

చెవులను కప్పే ఇయర్ మఫ్స్ వెంట ఉండాలి, వాటిని ముందుగానే ఇంట్లో అలవాటు చేయాలి. సింబల్స్ వంటి ఎత్తు శబ్దాలను అవి బాగా ఆపుతాయి, ఒంటికి తగిలే బేస్‌ను పెద్దగా ఆపలేవు. రోజంతా ఇంట్లో కూడా అవి పెట్టుకుని ఉండనివ్వవద్దు, ఎప్పుడూ నిశ్శబ్దానికే అలవాటైన చెవికి మామూలు శబ్దాలు మరింత గట్టిగా తోచవచ్చు. మామూలు శబ్దాలకే చెవి నొప్పి అంటున్నాడనిపిస్తే ముందు ఈఎన్‌టీ వైద్యునికి చూపించండి. చెవిలో గులిమి, ఇన్‌ఫెక్షన్ వంటివి మాటలు తక్కువున్న పిల్లల్లో తరచుగా బయటపడవు. అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్, వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం రెండూ ఉన్నాయి, కాజీపేట నుంచి రైలులో వెళ్లి ఒక్క రోజులో రావచ్చు.

లైట్లు నడిపేవారితో మీ పాట వరకు మెరిసి ఆరే లైట్లు వద్దని చెప్పండి. పొగ యంత్రం వాసన కూడా కొందరికి శబ్దం కన్నా కష్టం. వార్షికోత్సవాల్లో కార్యక్రమాలు గంటల తరబడి వెనక్కి జరగడం మామూలే కాబట్టి, మీ పాటను మొదట్లోనే పెట్టమని నిర్వాహకులను అడగండి. అయినా ఆలస్యమైతే అతణ్ని ఆవరణ బయటే ఉంచి, మీరు వేదిక ఎక్కబోయే ముందు ఫోన్ చేసి పిలిపించండి. వీటన్నిటికన్నా మంచి దారి ఇంకొకటి ఉంది. ఆ రోజు మధ్యాహ్నం, కార్యక్రమానికి ముందు వాయిద్యాలనూ స్పీకర్లనూ సరిచూసుకునే సౌండ్ చెక్‌కు అతణ్ని తీసుకురండి. జనం ఉండరు, పాట ఎక్కడైనా ఆపవచ్చు, డ్రమ్స్ కొట్టే చేతులు దగ్గరగా కనిపిస్తాయి, నచ్చితే రెండోసారి పాడవచ్చు. అక్కడ అతడు పాట మొత్తం విని సంతోషిస్తే, సాయంత్రం కార్యక్రమానికి రాకపోయినా మీరు కోరుకున్నది జరిగినట్టే. సాయంత్రం కూడా వస్తానంటే అప్పుడు అమ్మను అడగండి, మధ్యాహ్నం ఆమె కళ్లతో చూసి ఉంటుంది కాబట్టి మాట్లాడుకోవడం సులువవుతుంది.

సాయంత్రం వస్తే మీరు వేదిక మీద ఉంటారు, అతడు లేచి వెళ్లాలనుకున్నప్పుడు వెంట వెళ్లేది మీరు కాలేరు. నాన్నగారో బాబాయో, ఎవరో ఒకరు ఆ ఐదున్నర నిమిషాలు వేదిక వైపు కాక అతని వైపే చూస్తూ ఉండే పనికి ముందుగా ఒప్పుకోవాలి. ఫోన్‌లో వీడియో తీసే బాధ్యత వారికి అప్పగించవద్దు. బయటికి వెళ్లే దారిని సౌండ్ చెక్ అప్పుడే మీరు, అతడు, ఆ తోడు ఉండేవారు ముగ్గురూ కలిసి ఒకసారి నడిచి చూడండి. పాట మధ్యలో అతడు వెళ్లిపోవడం మీకు కనిపిస్తే పాట ఆపవద్దు, ఆందోళన గొంతులోకి రానివ్వవద్దు. అతడు గోడ అవతల నుంచి కూడా మీ గొంతు వింటూనే ఉంటాడు.